పక్కబండి మనిషి

ఓయార్స్ బండి అమ్మకానికి పెట్టాడన్న కబురు నాకు మా వెల్తా చెప్పింది. నేను వంటింట్లో రై రొట్టె కోసుకుంటుంటే ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టి, "చూడవయ్యా, నా సవతిని అమ్మేస్తున్నారు" అంది.

ఆ బండిని మా ఆవిడ పెళ్ళైన కొత్తల్లోనే సవతి అని పిలవడం మొదలుపెట్టింది. అందులో అన్యాయమేమీ లేదు. ఆ రోజుల్లో ఆదివారాలన్నీ దాంతోనే గడిపేవాణ్ణి, ఇంటికి దాని నూనె వాసనేసుకుని వచ్చేవాణ్ణి.

కళ్ళజోడు తగిలించుకుని చదివాను. "మట్టి ట్రాకు పందేల కోసం చేసిన సోవియట్ కాలపు పక్కబండి క్రాస్ మోటార్ సైకిలు. ఓయార్స్ గ్రావితిస్ దేశమంతటికీ మొదటివాడిగా నిలిచింది దీని మీదే. ఇంజను, గేర్లు, మూడు చక్రాలు అన్నీ అసలువి. పూర్తిగా కొత్తగా రంగు వేయించినది." ఇంకేమైనా ఉందేమోనని కిందదాకా జరిపి చూశాను. ఏమీ లేదు. చక్రాల ప్రస్తావన ఉంది. నా ప్రస్తావన లేదు.

"నీ పేరు వేయలేదే" అంది వెల్తా.

"కనపడుతోందిలే."

"రొట్టె కోస్తున్నావా, వేలు కోస్తున్నావా?"

చూసుకుంటే నిజంగానే వేలు కోసుకున్నాను.

తెలియనివాళ్ళు పక్కబండి మనిషి అంటే హాయిగా కూర్చుని ఊరు చూసేవాడనుకుంటారు. మా బండికి కుడిపక్కన ఉన్నది ఒక చక్రం, ఒక రేకు పలక, అంతే. కూర్చోడానికి సీటు ఉండదు, ఎందుకంటే కూర్చునే పనే ఉండదు. ఎడమ మలుపు వస్తే ఎగిరి డ్రైవరు వెనక్కి దూకి, వెనక చక్రం మీద బరువు వేసి, అటు పక్కకి ఒరగాలి. కుడి మలుపు వస్తే ఇవతలికి పాకి, పలక దాటి, నడుము దాకా బయటకి వేలాడాలి. వీపుకీ నేలకీ మధ్య జానెడు కూడా ఉండదు. వేలాడకపోతే పక్క చక్రం గాల్లోకి లేస్తుంది. లేచిందంటే డ్రైవరుకి రెండే దారులు. బోల్తా కొట్టడం, లేదా మలుపు సంగతి మర్చిపోయి తిన్నగా పోవడం. ఎంత గొప్ప డ్రైవరైనా అంతే. అది వాడి చేతిలో లేదు, నా చేతిలో ఉంది.

మేము గెలిచిన ఏడాది పత్రికల్లో ఫోటో వచ్చింది. కుడి మలుపులో తీసిన ఫోటో. హ్యాండిల్ మీద వంగి, పళ్ళు బిగించి, సినిమా హీరోలా ఓయార్స్ ఉన్నాడు. నేను అవతల వేలాడుతున్నాను కాబట్టి బండి చాటున పడ్డాను. ఇనప కమ్మీని పట్టుకున్న ఒక చెయ్యి మాత్రం కనిపిస్తుంది. దేశ చరిత్రలో నా వాటా ఆ చెయ్యే. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ ఏడాది చివర క్లబ్బువాళ్ళు విందు పెట్టారు. ఓయార్స్ లేచి నిలబడి అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. వెల్డింగు చేసినవాడికి చెప్పాడు, వంటామెకి చెప్పాడు, మా సమష్టి పొలం, అదే కొల్హోజు, అధ్యక్షుడికి రెండు సార్లు చెప్పాడు. ఆ రోజు వాన పడనందుకు ఆకాశానికి కూడా చెప్పాడు. నేను వాడి పక్క కుర్చీలోనే ఉన్నాను, చేతిలో గ్లాసు పట్టుకుని, ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అనుకుంటూ. చెప్పకుండానే కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి నా కమ్మీ విప్పుకుని ఇంటికొచ్చేశాను.

ఆ కమ్మీ సంగతి చెప్పాలి. మా క్లబ్బులో బండి ప్రభుత్వానిది, ఇంజను ప్రభుత్వానిది, మా కాళ్ళకున్న బూట్లు కూడా ప్రభుత్వానివే. పట్టుకమ్మీ ఒక్కటే పక్కబండి మనిషి సొంతం. కొలిమిలో కాల్చి, తన చేతికీ మోకాలికీ తగ్గట్టు తనే వంచుకుంటాడు. వేరే డ్రైవరు దగ్గరికి పోతే విప్పి భుజాన వేసుకుని పోతాడు. ఒకడి కమ్మీ మీద ఇంకొకడు పట్టు దొరకక జారిపోతాడు. దాన్ని అడక్కుండా ముట్టుకుంటే తన్నుకునేవాళ్ళం.

అప్పటి నుంచి ఓయార్స్‌తో మాటల్లేవు, చావుల దగ్గర తప్ప. మా వయసులో చావులు తరచుగానే వస్తాయి కాబట్టి మాటలు పూర్తిగా తెగిపోలేదని చెప్పాలి. సోవియట్ కాలం పోయి క్లబ్బు మూసేసినప్పుడు బండిని ఓయార్స్ కొనేసుకున్నాడు. కమ్మీ మాత్రం మా పెరట్లో మాంసానికి పొగపెట్టే కొట్టులో ఉంది. వెల్తా దానికి పంది తొడలు వేలాడదీస్తుంది. మంచి బలమైన కమ్మీ, పడిపోయే ప్రశ్నే లేదు.

ప్రకటన చదివిన వారానికే ఓయార్స్ మా గుమ్మంలోకి వచ్చాడు. ఎవరు పోయారా అని గోడకి తగిలించిన నల్లకోటు వైపు చూశాను.

"ఎవరూ పోలేదు" అన్నాడు వాడే. "మోద్రిస్, ఆ పట్టుకమ్మీ నీ దగ్గరుందా?"

"ఏ కమ్మీ?"

"వేషాలేయకు. హాలండు నుంచి ఒకాయన వస్తున్నాడు బండి చూడ్డానికి. వీబ అని, ఇలాంటి పాత బండ్లు ఇంటినిండా పెట్టుకున్నాడట. నేను కొత్త కమ్మీ చేయించి మెరుగు పెట్టించి బిగించా. ఫోటో చూసి అది కాదంటాడు. పత్రికలో ఫోటో కూడా వాడి దగ్గరుంది. అందులో చెయ్యి పట్టుకున్న కమ్మీ కావాలంటాడు."

"కమ్మీ కావాలా? చెయ్యి అక్కర్లేదా?"

"ఒరేయ్, మళ్ళీ మొదలెట్టకు."

"ఉంది కమ్మీ. దానికి రెండు తొడలు వేలాడుతున్నాయి. నీకే తొడ కావాలి?"

వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. లోపల వెల్తా గిన్నెలు సర్దడం ఆపేసింది, వినడానికి.

"ఇస్తాను" అన్నాను. "ట్యాంకు మీద నీ పేరు రాయించావుగా, దాని పక్కన నా పేరు రాయించు. అమ్మకం బోర్డు మీద కూడా రెండు పేర్లూ ఉండాలి. ఆ వచ్చేవాడికి నీ నోటితో చెప్పాలి."

"కొనేవాడు నడిపినవాడి పేరుకి కొంటాడురా. గడ్డిబండి అమ్మేటప్పుడు గుర్రం పేరు చెప్తాం గానీ గడ్డి పేరు చెప్తామా?"

"అంటే నేను గడ్డినా?"

"మూటవి" అన్నాడు. కోపంలో అన్న మాట కాదు, చిన్నపిల్లాడికి లెక్క చెప్పినంత నెమ్మదిగా చెప్పాడు. "బరువు కోసం వేసుకున్న మూటవి. తప్పేముంది అందులో? నువ్వు కాకపోతే ఇంకొకడు. ఆ రోజు నేనున్న ఊపుకి బంగాళాదుంపల బస్తా వేసుకున్నా గెలిచేవాణ్ణి."

నాకు ఒళ్ళు మండిపోయింది. అయితే అసలు బాధ ఆ మాట కాదు. వాడి కళ్ళలోకి చూశాను. వాడు అబద్ధం ఆడటం లేదు. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళకి చెప్పీ చెప్పీ తనే నమ్మేశాడు. అబద్ధం ఆడేవాణ్ణి పట్టుకుని నిలదీయొచ్చు. నమ్మినవాణ్ణి ఏం చేస్తాం?

వెల్తా గరిటెతో సహా బయటికొచ్చింది. "ఓయార్స్, కాఫీ తాగుతావా, తన్నులు తింటావా? రెండూ పొయ్యి మీదే ఉన్నాయి."

వాడు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నేను అనుకున్నదొకటే. బండి పోనీ, హాలండు పోనీ, ఏ చంద్రమండలానికైనా పోనీ. అక్కడ దాని ముందు నిలబడినవాడు ఒకే పేరు చదివితే మాత్రం నేను ఒప్పుకోను. ఆ బండి మీద నా ముందుపళ్ళు పోయాయి, ఎడమ భుజం మూడు చోట్ల విరిగింది. ఇవన్నీ బంగాళాదుంపలకి జరిగాయా?

మే నెలలో మా కొండ ట్రాకు మీద పాత బండ్ల పండగ జరుగుతుంది. పందెం పరుగులుంటాయి, గడ్డిలో అమ్మకాలుంటాయి. ఓయార్స్ బండి బేరం అక్కడేనని ఊరంతా తెలుసు. పొద్దున్నే పొగకొట్టులోకి వెళ్ళి కమ్మీకున్న మాంసం విప్పడం మొదలుపెట్టాను.

"మరి ఇవెక్కడ వేలాడదీయను?" అంది వెల్తా.

"నా మెడకి."

"నీ మెడ ఆ బరువు మోయలేదులే" అని, తొడలు తీసుకెళ్ళి చల్లగదిలో పెట్టి, మాంసం బన్నులు బుట్టలో సర్దుకుని నాకంటే ముందే కారెక్కి కూర్చుంది. ఇలాంటివి చూడకుండా వదిలే మనిషి కాదు.

కొండ కింద గడ్డిలో బండ్లు బారులు తీరి ఉన్నాయి. హ్యాండిళ్ళకి అట్టముక్కలు కట్టి ధరలు రాసి పెట్టారు. ఇంజన్లలో నూనెగా పోసే ఆముదం కాలిన పొగ వాసన ముక్కుకి తగలగానే ఇరవై ఏళ్ళవాడిలా అడుగులు వేశాను. ఈ వాసన వల్లే మేమంతా చెడిపోయాం. అక్కడ కొనేవాళ్ళని గుర్తుపట్టడం తేలిక. మామూలు జనం నిలబడి రంగు చూస్తారు. కొనేవాడు గడ్డిలో వెల్లకిలా పడుకుని బండి అడుగు చూస్తాడు. అక్కడెవరూ రంగు వేయరు కాబట్టి నిజం అక్కడుంటుంది.

ఓయార్స్ బండి దూరానికే ఎర్రగా ధగధగలాడుతోంది. ట్యాంకు మీద తెల్లటి అక్షరాల్లో వాడి పేరు. దాని కింద ఒక పొడుగాటి మనిషి కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. హాలండు వీబ అన్నమాట. పక్కన ఓయార్స్ అల్లుడు రైవిస్ నిలబడి వాళ్ళ భాషకీ మన భాషకీ మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు. జిమ్ములో పాఠాలు చెప్పే కుర్రాడు, మెడా భుజాలూ ఒకటే దిమ్మ. తోలు చొక్కా, తోలు ప్యాంటు వేసుకుని ఉన్నాడు. ఈ రోజు పక్కబండి మీద వేలాడబోయేది తనే.

వీబ బయటికి పాకి లేచాడు. పెళ్ళిచూపులకని వస్తే పిల్ల మొహానికి సున్నం కొట్టి కూర్చోబెట్టారే అన్నట్టుంది వాడి చూపు. ఏదో గొణిగాడు.

"రంగు ఎందుకు వేశారు, పాత గీతలన్నీ ఏమయ్యాయి అంటున్నారు మామయ్యా" అన్నాడు రైవిస్.

"గీకించేశా. కొత్తదానిలా లేదూ?" అన్నాడు ఓయార్స్ గర్వంగా.

"ఆయనకి కొత్తది అక్కర్లేదట."

పాపం రైవిస్. కప్పకీ పాముకీ మధ్య ఇరుక్కుపోయాడు. అప్పుడే వీబ కళ్ళు నా భుజం మీదున్న కమ్మీ మీద పడ్డాయి. తిన్నగా నా దగ్గరికొచ్చి, అడిగి మరీ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నల్లటి మసిని వేలితో రాశాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన చూశాడు.

"అసలైన ట్రాకు మురికి అంటున్నారు" అన్నాడు రైవిస్. "నలభై ఏళ్ళుగా ఎవరూ కడగలేదట. ఇలాంటిది ఎక్కడా చూడలేదట."

వెల్తా బన్ను గొంతుకి అడ్డం పడి దగ్గింది. మా పంది పొగ ఆయన గుండెకి అంత హాయిగా ఉంటే చెడగొట్టడానికి నేనెవర్ని?

వీబ కమ్మీని తీసుకెళ్ళి బండి పక్కన ఆనించాడు. బోల్టు కన్నాలకి బోల్టు కన్నాలు అతికినట్టు సరిపోయాయి. పత్రిక ఫోటో తీసి, కమ్మీ వంపునీ ఫోటోలో వంపునీ మార్చి మార్చి చూశాడు. ఫోటోలో చేతి మీద వేలు పెట్టి, నా వైపు తిరిగి ఏదో అడిగాడు. భాష రాకపోయినా ఆ ప్రశ్న నాకు అర్థమైంది. ఎన్నో ఏళ్ళుగా ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసిన ప్రశ్న.

నేను నోరు తెరిచేలోపు ఓయార్స్ అందుకున్నాడు. "అది పాత సామానండీ. ఈయన మా క్లబ్బులో సాయం చేసేవాడు."

సాయం చేసేవాడు! మూట అన్నప్పుడు ఒళ్ళు మండింది గానీ ఇప్పుడు చల్లబడిపోయింది. కమ్మీ వెనక్కి లాక్కున్నాను.

"నీ బండి నువ్వమ్ముకో" అన్నాను. "సాయం చేసేవాడి కమ్మీ సాయం చేసేవాడు పట్టుకుపోతాడు."

"మోద్రిస్, పదిమందిలో గొడవొద్దు."

"పదిమందిలో అన్నావు కదా. ఇంకా గట్టిగా గొడవ చేస్తా."

ఈలోపు మైకులో వాళ్ళ వంతు పిలిచారు. పరుగు చూడకుండా కొననన్నాడు వీబ. ఓయార్స్ ఇంజను కిక్కు కొట్టాడు, రైవిస్ పలక ఎక్కి మెరుగు కమ్మీ పట్టుకున్నాడు. నా కోపం ఆ కుర్రాడి మీద కాదు కదా. దగ్గరికెళ్ళి చెప్పాను. "బాబూ, కుడి మలుపులో చెయ్యి కాదు, ఎడమ మోకాలు తగిలించుకోవాలి. ఆ కమ్మీకి మోకాలి వంపే లేదు. నెమ్మదిగా పొమ్మను."

"పెద్దాయనా, నేను రోజూ మీ అంత బరువు రెండు మూటలు ఎత్తుతాను" అన్నాడు రైవిస్ మర్యాదగానే.

"ఎత్తడం వేరు నాయనా."

వెళ్ళారు. మొదటి ఎడమ మలుపు ఎలాగో దాటారు. కుడి మలుపు దగ్గర పక్క చక్రం పైకి లేవడం, రైవిస్ బయటకి ఒరగడం, నూనె రాసిన పెనం మీంచి అట్టు జారినట్టు జారి గడ్డిలో దొర్లడం మూడూ ఒక్కసారే జరిగాయి. బండి తేలికై ఎగిరింది. ఓయార్స్ దాన్ని పడకుండా ఆపాడు, అది వాడి ప్రతిభే. ఆ తర్వాత మిగిలిన కుడి మలుపులు తిరగలేక, పొలం చుట్టూ ఎడమ పక్కకే తిరుగుతూ ఊరంత చుట్టు వేసి మా దగ్గరికి వచ్చి చేరాడు. జనం చప్పట్లు కొట్టారు. నవ్వేవాళ్ళే కొట్టారు లెండి.

రైవిస్‌కి చుబుకం చీరుకుంది. వెల్తా బన్నుల మీద కప్పిన గుడ్డ తీసి అద్దింది. ఆ గుడ్డ పట్టుకునే అతను వీబ మాటలు చెప్పాడు. "బండి తిరగదేమోనని ఆయన అనుమానం. ఆ కమ్మీ బిగించి, ఆ పెద్దాయన్ని ఎక్కించి చూపిస్తే సరే, లేకపోతే వెళ్ళిపోతానంటున్నారు."

ఓయార్స్ నా దగ్గరికొచ్చాడు. చెమట కారుతోంది. "ఎక్కరా" అన్నాడు.

"నేనెవర్ని?"

"ఏంటి?"

"ఆయనకి చెప్పు, నేనెవర్నో."

"ఒక్క చుట్టు తిరిగొద్దాం. బేరం తేలాక అన్నీ చూద్దాం లేరా."

నాకు వాడి సంగతి తెలుసు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. విందులో ఒకసారి తగలేశాడు, ఇందాక మళ్ళీ తగలేశాడు. అయినా, "సరే, ఎక్కుతా" అన్నాను.

వాడు ఇంత తేలిగ్గా ఒప్పుకున్నానేమిటని చూశాడు. రెంచీ తీసుకుని మెరుగు కమ్మీ విప్పి, నాది బిగించాను. వెల్తా నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"పిచ్చా? నీ నడుం సంగతి మర్చిపోయావా?"

"నడుంతో పనిలేదు."

"నడుం లేకుండా ఎలా వేలాడతావు?"

"వేలాడతానని ఎవరన్నారు?"

నా మొహం కాసేపు పరీక్షగా చూసింది. తర్వాత ఆవిడ పెదవులు వణికాయి, నవ్వు ఆపుకోలేక. "దెబ్బ తగలనివ్వకు" అని మాత్రం అంది. "వాడికీ తగలనివ్వకు. రేపు పొద్దున వాడి చావుకి నేను పూలు కొనలేను."

బండి కదిలింది. నేను నిజం చెప్తాను. మోకాలు ఆ వంపులో పడగానే నాకు ఏడుపొచ్చింది. చెయ్యి దాని చోటికి అదే వెళ్ళిపోయింది. ఓయార్స్ గేరు మార్చడం నా పొట్టలోనే తెలిసింది. ఎడమ మలుపు వచ్చింది, ఆలోచించకుండానే వాడి వెనక్కి దూకాను. వెనక చక్రం మట్టిని కొరికింది. బండి పట్టాల మీద పోతున్నట్టు తిరిగింది. ఓయార్స్ "హేయ్!" అని అరిచాడు, కుర్రతనంలో అరిచినట్టు. నాకూ అరవాలనిపించింది. ఆ క్షణంలో పోనీలే అనుకున్నాను. రేపు చచ్చేవాళ్ళం, ఈ పేర్లూ ఊర్లూ ఎందుకు, చేతనైంది చేసి చూపించి దిగిపోదాం అనుకున్నాను.

గట్టు మీద జనం ఈలలేశారు. ఓయార్స్ హ్యాండిల్ మీద నుంచి ఒక చెయ్యి తీసి వాళ్ళకి ఊపాడు. మైకులో గొంతు కొండంతా మారుమోగింది. "అదిగో మన ఓయార్స్ గ్రావితిస్! ఒక్కడే, ఆ బండిని ఎలా తిప్పుతున్నాడో చూడండి!"

ఒక్కడే.

ఎదురుగా కుడి మలుపు వస్తోంది. దాని అవతల తాడు, తాడు అవతల మంచు కరిగిన నీళ్ళు నిలిచిన బురదగుంట. లోతు లేనిదని నాకు తెలుసు, ఓయార్స్‌కీ తెలుసు. వాడు బోల్తా కొట్టించడనీ తెలుసు. వాడు మంచి డ్రైవరు. ఆ మాట నేను ఎప్పుడూ కాదనలేదు, పదిమందిలో చెప్పడానికి ఎప్పుడూ వెనకాడలేదు కూడా.

వాడు బండిని కుడికి వంచాడు. నేను పలక లోపలి అంచుకి, వాడి కాలి పక్కకి జరిగి, కమ్మీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. బంగాళాదుంపల బస్తా ఎంత బాగా కూర్చుంటుందో అంత బాగా కూర్చున్నాను.

పక్క చక్రం లేచింది. "వేలాడరా!" అన్నాడు ఓయార్స్. ఇంకొంచెం లేచింది. "మోద్రిస్!" అని గావుకేక పెట్టాడు. నేను ఆకాశం వైపు చూశాను, వాన వస్తుందేమోనని. వాడు చెయ్యగలిగింది ఒక్కటే, హ్యాండిల్ తిన్నగా పెట్టాడు. బండి మలుపుని వదిలేసి, తాడు తెంపుకుని, గట్టు దిగి, గుంట మధ్యలోకి వెళ్ళి ఇరుసుల దాకా కూరుకుపోయి ఆగింది. ఇంజను రెండు సార్లు దగ్గి ఊరుకుంది.

ఎర్ర రంగు ఎక్కడా కనపడలేదు. మా ఇద్దరి మొహాలూ కనపడలేదు. ఓయార్స్ దిగి, మోకాళ్ళ లోతు బురదలో నిలబడి, నోట్లో పడ్డ బురద ఊశాడు.

"ఏం చేశావురా?"

"నేనేం చేయలేదు" అన్నాను. "మూటలు ఏం చేస్తాయి?"

జనం పరిగెత్తుకొచ్చారు. ముందు వీబ, వాడి వెనక గడ్డం కింద గుడ్డతో రైవిస్, మైకు వదలకుండా మైకువాడు, తీరిగ్గా బుట్ట ఊపుకుంటూ వెల్తా. వీబ గట్టు మీద గొంతుక్కూర్చుని బండిని తేరిపార చూశాడు. దానికి బురద అంటినందుకు వాడికి లోలోపల సంతోషంగానే ఉన్నట్టుంది.

"ఎందుకు తిరగలేదని అడుగుతున్నారు మామయ్యా" అన్నాడు రైవిస్. "బండిలో లోపమా అంటున్నారు."

అందరూ ఓయార్స్ వైపు చూశారు. నేనూ చూశాను. వాడి ముందు రెండే మాటలున్నాయి. బండి తప్పు అనాలి, లేదా నిజం చెప్పాలి.

"బ్రేకు…" అన్నాడు ఓయార్స్.

రైవిస్ ఆ ముక్క అటు చేరవేశాడు. వీబ తల అడ్డంగా ఊపి, జేబులోంచి లైటు తీసి, బ్రేకు చూడ్డానికి బురదలోకి దిగాడు. ఆ బ్రేకుని ఓయార్స్ తన చేత్తో చేశాడు, చలికాలమంతా కూర్చుని, గోళ్ళు అరిగేదాకా ఆకురాయి పట్టి. వీబ వంగి ఆ లైటు దాని మీద వేస్తుంటే ఓయార్స్ మొహం చూడలేకపోయాను. కన్నబిడ్డని పోలీసుస్టేషన్లో కూర్చోబెట్టిన తండ్రి మొహం అది.

"ఆగమను" అన్నాడు చివరికి. "బ్రేకు బాగానే ఉంది. బండిలో ఏ లోపమూ లేదు."

"మరి?" అన్నాడు రైవిస్.

కప్పలు అరుస్తున్నాయి. ఓయార్స్ నా వైపు చూడకుండా, ట్యాంకు మీద బురదని చేత్తో తుడుస్తూ చెప్పాడు.

"వీడు వేలాడలేదు. వీడు వేలాడకపోతే ఈ బండి కుడికి తిరగదు. ఏనాడూ తిరగలేదు."

రైవిస్ చెప్పాడు. వీబ జేబులోంచి ఫోటో మళ్ళీ తీశాడు. ఆ చేతినీ, పలక మీద ఇంకా కూర్చునే ఉన్న నన్నూ చూసి, చిన్న మాట ఏదో అడిగాడు.

"వీడు అంటే ఎవరు అంటున్నారు" అన్నాడు రైవిస్.

"మోద్రిస్" అని గొణిగాడు ఓయార్స్.

"ఇంటిపేరు?" అన్నాను నేను.

"వానాగ్స్. మోద్రిస్ వానాగ్స్. నాతో పాటు గెలిచినవాడు."

మైకువాడు గట్టు మీద నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. నేను పలక మీద నుంచి లేచి, బురదలో గట్టు దాకా నడిచి, వాడి చేతిలోంచి మైకు అందుకుని, వెనక్కొచ్చి ఓయార్స్ నోటి ముందు పెట్టాను.

"గట్టిగా చెప్పు" అన్నాను. "వెనకున్నవాళ్ళకి వినపడలేదు."

వాడు నా వైపు మండిపడుతూ చూశాడు. తర్వాత గట్టిగానే చెప్పాడు.